అక్షరం నెత్తిన గీత: అంకెలపై బార్‌లు, స్వరాలపై కాలగీతలు పెట్టే పద్ధతి

ఒకటిని ఆరుతో భాగిస్తే 0.1666 అంటూ ఆరు అంతులేకుండా వస్తూనే ఉంటుంది. గణితం పుస్తకంలో దీన్ని 0.16̅ అని, చివరి ఆరు మీద మాత్రం అడ్డగీత పెట్టి రాస్తాము. కంపోజింగ్‌లో ఆ గీత ఎగిరిపోతే మిగిలేది 0.16, అంటే 4/25. అదే గీత పొరపాటున పక్కనున్న ఒకటి మీదికి కూడా పాకి 0.1̅6̅ అయిందంటే దాని విలువ 16/99. అంకెలు మూడుచోట్లా అవే, విలువలు మాత్రం మూడు. లాగరిథమ్‌లలో ఈ తేడా మరీ పెద్దది. 0.02 లాగరిథమ్‌ను ‘టూ బార్’ అని చదువుకుంటూ 2̅.3010 అని రాస్తాము. బార్ పడిపోతే అది 2.3010 అవుతుంది, అంటే 200 లాగరిథమ్. బార్‌కు బదులు ముందు మైనస్ పెట్టి సర్దుకుందామన్నా కుదరదు, ఎందుకంటే బార్ ఉన్న 2 మాత్రమే రుణాత్మకం, బిందువు తర్వాతి భాగం ధనాత్మకం, −2.3010 అని రాస్తే అది 0.005 లాగరిథమ్ అయి కూర్చుంటుంది.

సంగీతం పుస్తకాల్లోనూ గీతకు ఇంత బరువూ ఉంది. కర్ణాటక సంగీతాన్ని స్వరపరచి రాసేటప్పుడు స్వరాల మీద ఒక గీత ఉంటే వాటి కాలప్రమాణం సగం, రెండు గీతలుంటే పావు. గీత లేని స రి గ మ నాలుగు అక్షరకాలాలు (అంటే తాళంలో నాలుగు లెక్కలు) నడిస్తే, ఒక గీతతో రెండు, రెండు గీతలతో ఒకటే నడుస్తుంది. గీతలు లేకుండా అచ్చయిన పేజీని ముందు పెట్టుకున్న విద్యార్థి, ఆదితాళం ఎనిమిది అక్షరాల ఆవర్తనంలో పదహారు స్వరాలు ఎలా ఇమడాలో తెలియక అక్కడే ఆగిపోతాడు. ఇటువంటి పేజీలు కట్టే పనిలో ఉన్నవాడిగా, గీతను ఏ పనికి ఏ పద్ధతిలో పెట్టాలో, ఆ పద్ధతి ఎక్కడ మొండిచెయ్యి చూపిస్తుందో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా తేల్చుకోవలసింది

కంప్యూటర్‌లో పైగీత పెట్టడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటి దారిలో గీత కూడా ఒక యూనికోడ్ గుర్తుగా పాఠంలోనే కూర్చుంటుంది. రెండో దారిలో పాఠం మామూలుగానే ఉండి, బోల్డ్, ఇటాలిక్‌ల మాదిరిగా గీత పైనుంచి వేసిన ఫార్మాటింగ్ అవుతుంది. మొదటిది ఎక్కడికి కాపీ చేసినా వెంట వస్తుంది, కాని అది కనిపించే తీరు పూర్తిగా ఫాంట్ చేతిలో ఉంటుంది. రెండోది మనం కోరిన ఎత్తులో, కోరిన మందంలో చక్కగా వస్తుంది, కాని ఆ పాఠాన్ని వాట్సాప్‌లో పేస్ట్ చేసిన మరుక్షణం పోతుంది. గణిత సూత్రాలకు వీటికి తోడు సమీకరణాల సాధనం ఉంది. అందులో గీత ఎంత మేరకు విస్తరిస్తుందో సూత్రంలోనే నమోదై ఉంటుంది.

వాక్యం మధ్యలో ఒకటి రెండు అంకెల మీద గీత కావాలంటే యూనికోడ్ గుర్తు, తెలుగు స్వరాల మీద కావాలంటే ఫార్మాటింగ్, పెద్ద సూత్రాలకు సమీకరణాల సాధనం అన్నది నేను పాటించే కట్టుబాటు. దీనికి ఎదురు వెళ్లిన ప్రతిసారీ ప్రూఫు దశలో మళ్లీ మొదటికి వచ్చాను.

యూనికోడ్‌లో ఏ గీత ఏది

చూడటానికి ఒకేలా ఉండే పైగీతలు యూనికోడ్‌లో చాలా ఉన్నాయి, పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి. 203ఈ (రోమన్‌లో 203E) సంఖ్య గల ‾ పేరు ఓవర్‌లైన్; 00ఏఎఫ్ (00AF) సంఖ్య గల ¯ పేరు మాక్రాన్. ఈ రెండూ విడి గుర్తులు, తమ చోటు తాము ఆక్రమించుకుంటాయి. వీటిని 3 పక్కన కొడితే 3‾ అని పక్కనే నిలబడతాయి తప్ప అంకె మీదికి ఎక్కవు. కీబోర్డు పటంలో వెతికి వీటిని పట్టుకుని, గీత అంకె మీదికి రావడం లేదని విసిగిపోయేవారిని చాలామందిని చూశాను.

అక్షరం మీదికి ఎక్కేవి సంయోజక గుర్తులు. వాటిలో 0304 సంయోజక మాక్రాన్, 0305 సంయోజక ఓవర్‌లైన్. మాక్రాన్ పొట్టిది, ఒక్క అక్షరానికి పరిమితం, ఇరుపక్కలా కొంత ఖాళీ వదులుతుంది. ఓవర్‌లైన్ మాత్రం ఎడమనున్న గీతతోనూ కుడినున్న గీతతోనూ కలిసిపోయేలా ఉద్దేశించినది. అందువల్ల అనేక అంకెల మీదుగా సాగే గీతకు 0305నే వాడాలి. రెండు గీతలు కావాలంటే 033ఎఫ్ ఉంది.

మాక్రాన్‌కు తెలుగువారితో సూటి సంబంధం ఉంది. తెలుగు మాటలను రోమన్ లిపిలో రాసే ఐఎస్ఓ 15919 ప్రమాణం 2001లో వచ్చింది, అందులో దీర్ఘాచ్చులన్నిటి మీదా మాక్రాన్ ఉంటుంది. సంస్కృతంలో ఏ, ఓలు ఎప్పుడూ దీర్ఘాలే గనుక సంస్కృతం కోసం వాడే రోమన్ పద్ధతిలో వాటి మీద గీత పెట్టరు. మనకు ఎ, ఒ హ్రస్వాలు కూడా ఉన్నాయి గనుక గీత లేకపోతే ‘ఎరు’కూ ‘ఏరు’కూ తేడా తెలియదు. ఈ దీర్ఘాక్షరాలకు యూనికోడ్‌లో గీతతో కలిపే పోతపోసిన సంఖ్యలున్నాయి: ఆ కారానికి 0101, ఈ కారానికి 012బి, ఊ కారానికి 016బి, ఏ కారానికి 0113, ఓ కారానికి 014డి. వీటిని వాడగలిగినచోట విడిగా 0304 చేర్చే అవసరం లేదు.

వేదమంత్రాలు తెలుగు లిపిలో అచ్చువేసేవారు అక్షరం మీద నిలువుగా పెట్టే స్వరితం వేరే గుర్తు. దాని సంఖ్య 0951, మీ॑ అన్నట్లు కనిపిస్తుంది. అక్షరం కింద అడ్డంగా వచ్చే అనుదాత్తం 0952, రెండు నిలువు గీతల దీర్ఘస్వరితం 1సీడీఏ. వీటికి బదులు ఉద్ధరణ చిహ్నాన్నో కీబోర్డు మీది నిలువు గీతనో పెట్టి పని గడుపుకోవడం మంచిది కాదు; అలా పెట్టినవి అక్షరంతో కలవవు, వరుస మారేచోట అక్షరం ఒక వరుసలో, స్వరం మరో వరుసలో పడే ప్రమాదమూ ఉంది.

పాత కోడింగ్‌ల నుంచి ఫైళ్లు తెచ్చుకునేవారు మరో సంగతి తెలుసుకోవాలి. జపాన్ ప్రమాణం జిస్ ఎక్స్ 0201లో, రోమన్ అక్షరాల పాత కోడ్ ఆస్కీలో టిల్డే (~) ఉండే 126వ స్థానంలో ఓవర్‌లైన్ ఉంది. అందువల్ల అటువంటి ఫైలును ఒక ప్రోగ్రాం టిల్డేగానూ మరో ప్రోగ్రాం పైగీతగానూ చూపిస్తుంది. పదానికి ముందు అర్థం లేని పైగీత కనిపిస్తే, అసలు ఫైలులో అది టిల్డే ఏమో చూసుకోవాలి.

టైపు చేయడం

సంయోజక గుర్తు ఎప్పుడూ అంకె తర్వాతే రావాలి, గీత కింద ఉండే ప్రతి అంకెకూ విడిగా ఒక గుర్తు పడాలి. ఒకటిని ఏడుతో భాగిస్తే వచ్చే 0.1̅4̅2̅8̅5̅7̅ లో ఆరు అంకెలకు ఆరు 0305లు ఉన్నాయి. పొడవాటి గీత ఒకటే అని కంటికి తోచినా కంప్యూటర్‌కు అవి ఆరు ముక్కలు.

విండోస్‌లో వర్డ్ వాడేవారు 0305 అని కొట్టి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే ఆ సంఖ్య గుర్తుగా మారుతుంది. ఇక్కడ అంకెల విషయంలోనే ఒక చిక్కు ఉంది. 6 తర్వాత వెంటనే 0305 కొడితే వర్డ్ వెనుకనున్న 6ను కూడా సంఖ్యలో భాగంగా తీసుకుని 60305 అనే గుర్తు కోసం వెతుకుతుంది, మన 6 మాయమవుతుంది. కాబట్టి 60305 అని కొట్టిన తర్వాత చివరి నాలుగు అంకెలను మాత్రమే మౌసుతో ఎంచుకుని, అప్పుడు ఆల్ట్, ఎక్స్ నొక్కాలి. ఒకసారి 6̅ సిద్ధమైతే కనిపించని ఆ గుర్తును ఆటోకరెక్ట్‌లో ఒక సంకేతానికి కేటాయించుకోవడం మేలు. మ్యాక్‌లో యూనికోడ్ హెక్స్ ఇన్‌పుట్ కీబోర్డును చేర్చుకుని, ఆప్షన్ మీట నొక్కి పట్టి 0305 కొట్టాలి. లినక్స్‌లో చాలా ప్రోగ్రాంలలో కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి, 0305 కొట్టి, ఎంటర్ నొక్కితే సరిపోతుంది.

గుర్తు పడ్డాక ఫాంట్‌ను పరీక్షించాలి. 0.1̅4̅2̅8̅5̅7̅ను పెద్ద సైజులో పెట్టి చూడండి. గీత ఆరు ముక్కలుగా తెగి కనిపిస్తే, లేదా ఒక్కో అంకె దగ్గర ఎత్తు మారితే, ఆ ఫాంట్‌లో ఈ గుర్తుకు సరైన రూపం లేదనో, వేరే ఫాంట్ నుంచి అరువు వస్తోందనో అర్థం. అప్పుడు అంకెలకు మాత్రం మరో ఫాంట్ ఇవ్వవచ్చు. తెలుగు పుస్తకంలో అంకెలకు వేరే ఫాంట్ ఉండటం కొత్తేమీ కాదు.

ఇలా చేర్చిన అంకెలను వెతకడంలోనూ తేడా వస్తుంది. అంకెల మధ్య గుర్తులు దూరాయి గనుక 142857 అని వెతికితే దొరకకపోవచ్చు. ఎక్సెల్ గడిలో వేస్తే అది సంఖ్యగా కాక మాటగా నిలుస్తుంది, దానితో లెక్కలు సాగవు. గుర్తు అసలే నిలవని చోట, ఉదాహరణకు ఎస్ఎంఎస్‌లో, 0.1(6) అని ఆవర్తనమయ్యే అంకెను బ్రాకెట్లలో పెట్టే పద్ధతి కొన్ని దేశాల్లో వాడుకలో ఉన్నదే. ఒక్కసారి వివరించి వాడితే చదివేవారికి ఇబ్బంది ఉండదు.

వర్డ్‌లో, లిబ్రేఆఫీస్‌లో

వర్డ్ ఫాంట్ పెట్టెలో కింద గీత, కొట్టివేత ఉన్నాయి, పైగీత లేదు. సమీకరణాలకు ఆల్ట్‌తో పాటు సమానం గుర్తు నొక్కి, తెరుచుకున్న పెట్టెలో బార్‌ను ఎంచుకోవచ్చు. కాని ఆ పెట్టె వాడే గణిత ఫాంట్ తెలుగుకు ఉద్దేశించినది కాదు, కాబట్టి అందులో తెలుగు స్వరాలు పెట్టవద్దు. తెలుగు అక్షరాల మీద గీతకు వర్డ్‌లో ఒక పాత మార్గం నమ్మకంగా పనిచేస్తుంది. కంట్రోల్, ఎఫ్9 నొక్కితే రెండు మీసాల బ్రాకెట్లు వస్తాయి. వాటి మధ్య రోమన్ అక్షరాల్లో ఈ, క్యూ కొట్టి, ఖాళీ వదిలి, బ్యాక్‌స్లాష్ ఎక్స్, దాని వెంటనే బ్యాక్‌స్లాష్ టి ఓ కొట్టి, గుండ్రటి బ్రాకెట్లలో సరిగమ అని రాయాలి. ఆ తర్వాత షిఫ్ట్, ఎఫ్9 నొక్కితే సరిగమ మీద గీత నిలుస్తుంది. ఇందులో ఎక్స్ అంటే చుట్టూ గీసే చట్రం, టి ఓ అంటే ఆ చట్రంలో పై అంచు మాత్రమే.

లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఇంత శ్రమ లేదు. ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్ తెరిచి, ఫాంట్ ఎఫెక్ట్స్ పుటలో ఓవర్‌లైనింగ్ ఎంచుకుంటే చాలు. ఒంటి గీత, జంట గీత, రంగు అన్నీ అక్కడే ఉన్నాయి. సంగీతం మాస్టార్లు తమ పాఠాలు తామే టైపు చేసుకుంటామంటే నేను దీన్నే సూచిస్తాను.

స్వరాలకు గీత: ఎత్తు ఎక్కడ నిర్ణయించాలి

తెలుగు అక్షరం తల ఖాళీగా ఉండదు. స, గ, ప, ద లకు తలకట్టు, రి, ని లకు గుడి, రెండు అక్షరకాలాల రీ, నీ లకు గుడిదీర్ఘం ఉంటాయి. వీటికి తోడు తారస్థాయి (పై స్థాయి) స్వరాల మీద చుక్క. గీత ఈ చుక్కకు కూడా పైనే ఉండాలి, చుక్క అక్షరానికీ గీతకూ మధ్య ఇమడాలి. యూనికోడ్ లెక్కలో కూడా ముందు కొట్టిన సంయోజక గుర్తు అక్షరానికి దగ్గరగా, తర్వాత కొట్టినది దాని పైన నిలుస్తుంది కాబట్టి, చుక్క ముందు, గీత తర్వాత. అయితే తెలుగు ఫాంట్‌లో ఈ గుర్తులకు స్థానాలు నిర్దేశించి ఉండకపోతే గీత పక్కకు జరుగుతుంది, గుడిని కోసుకుంటూ పోతుంది, లేదా మధ్యలో చుక్కల వలయం ప్రత్యక్షమవుతుంది. స్వరాలకు ఫార్మాటింగే మేలని మొదట్లో చెప్పడానికి కారణం ఇదే.

గీత ఎత్తును ఏ స్వరానికి ఆ స్వరం చూసి నిర్ణయించకూడదు. సరిగ మీద ఒక ఎత్తులో, రీగా మీద మరో ఎత్తులో గీతలుంటే, పాడేవారి కంటికి అది ఒంటి గీతో జంట గీతో అన్న సందేహం వస్తుంది. పుస్తకం మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన రూపాన్ని, సాధారణంగా తారస్థాయి చుక్క పెట్టిన రీని, ముందుగా టైపు చేసి, దానికి తగలకుండా గీత ఎంత ఎత్తులో ఉండాలో చూసి, అదే ఎత్తును అన్నిటికీ స్థిరపరచాలి. వరుసల మధ్య దూరాన్ని కూడా ఆ లెక్కతోనే పెంచాలి, లేకపోతే పై వరుసలో మంద్రస్థాయి (కింది స్థాయి) స్వరాల అడుగున పెట్టే చుక్కలు కింది వరుస గీతలకు తగులుతాయి. సాహిత్యం స్వరాల కింద వేసే పుస్తకాల్లో సాహిత్యపు వత్తులు కూడా కిందికి దిగుతాయి, వాటికీ చోటు వదలాలి.

పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో పైగీతకు ప్రత్యేకమైన ఏర్పాటు లేదు కాని, కింద గీతనే పైకి పంపవచ్చు. అండర్‌లైన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌సెట్‌కు రుణసంఖ్య ఇస్తే గీత పైకి జరుగుతుంది. 14 పాయింట్ల అక్షరానికి మైనస్ 13 దగ్గర మొదలుపెట్టి, అర పాయింటు చొప్పున సవరించుకుంటూ పోవచ్చు. మందం అర పాయింటు సరిపోతుంది. మూడో కాలానికి, అంటే స్వరాలు పావు నిడివితో నడిచే వేగానికి, రెండో గీత కావాలంటే స్ట్రైక్‌త్రూ ఆప్షన్స్‌ను వాడుకోవాలి. అక్కడ మాత్రం ధనసంఖ్య ఇస్తేనే గీత పైకి వెళుతుంది. ఈ రెండింటినీ ‘రెండోకాలం’, ‘మూడోకాలం’ అని రెండు క్యారెక్టర్ స్టైళ్లుగా భద్రపరచుకుంటే, తర్వాత ఎత్తు మార్చాలన్నా ఒక్కచోట మారిస్తే పుస్తకమంతా మారుతుంది.

స్టైల్ వేసేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. గీత కింద ఉన్న కామా, సెమీకోలన్ కూడా కాలాన్ని చూపేవే, కామా ఒక మాత్ర, సెమీకోలన్ రెండు; వాటి మీద కూడా గీత సాగాలి. అదే సమయంలో సరిగమ, పదనిస అని రెండు విడి గుంపులుంటే మధ్య ఖాళీకి స్టైల్ తీసివేయాలి, లేకపోతే రెండు గుంపులూ ఒకే గీత కింద కలిసిపోతాయి.

అను ఫాంట్‌లతో పేజ్‌మేకర్‌లో పనిచేసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఫాంట్‌లు యూనికోడ్ కావు, తెరపై తెలుగు కనిపించినా లోపల ఉన్నవి రోమన్ సంకేతాలు. అక్కడ 0305 వంటివి పనిచేయవు. లైన్ టూల్‌తో గీతలు చేత్తో గీయడమే దారి అనుకుంటే, పేజీలోని మాటలన్నీ ఖరారయ్యాక, చిట్టచివరి పనిగా గీయండి. ఒక అభ్యాస పుస్తకంలో నేను గీతలు ముందే గీసి, తర్వాత మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాను. స్వరాలు ఒక వరుస కిందికి జరిగాయి, గీతలు ఉన్నచోటే ఉండిపోయాయి. నలభై పేజీలు మళ్లీ గీయవలసి వచ్చింది.

వెబ్ పేజీలో

వెబ్ పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో టెక్స్ట్-డెకరేషన్ అనే ధర్మానికి ఓవర్‌లైన్ అనే విలువ ఇస్తే గీత వస్తుంది, మందాన్ని టెక్స్ట్-డెకరేషన్-థిక్‌నెస్ నిర్ణయిస్తుంది, డబుల్ అనే శైలి ఇస్తే జంట గీత వస్తుంది. అయితే గీత ఎత్తు మన చేతిలో ఉండదు. టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ కింద గీతకు మాత్రమే పనిచేస్తుంది. అందుచేత స్వరాలకు నేను స్పాన్‌లో పెట్టి బోర్డర్-టాప్ వాడతాను, ప్యాడింగ్-టాప్‌తో ఎత్తు సరిచేస్తాను. రెండో గీతకు దాని చుట్టూ మరో స్పాన్. ఈ ప్యాడింగ్ వరుసల మధ్య దూరాన్ని పెంచదు గనుక లైన్-హైట్‌ను విడిగా పెంచాలి. గుంపు మధ్యలో వరుస విరగకుండా వైట్-స్పేస్‌కు నోర్యాప్ విలువ ఇవ్వాలి.

సీఎస్ఎస్ గీత అలంకారం కిందే లెక్క, తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినేవారికి అది చేరుతుందన్న హామీ లేదు. ఆవర్తిత దశాంశాన్ని మొదటిసారి రాసేచోట ‘0.16̅, అంటే ఆరు ఆవర్తనమవుతుంది’ అని మాటల్లో కూడా చెబితే వారికీ అందుతుంది, కాపీలో గీత పోయినవారికీ అందుతుంది.

లాటెక్‌లో

గణిత పాఠాలను ఆదేశాలతో అచ్చుకు కూర్చే లాటెక్‌లో బార్, ఓవర్‌లైన్ అని రెండు ఆదేశాలున్నాయి. సగటును సూచించే ఎక్స్ బార్‌కు బార్ సరిపోతుంది, అది స్థిరమైన పొట్టి గీత. రేఖాఖండానికి, బూలియన్ పూరకానికి ఓవర్‌లైన్ వాడాలి, అది లోపలున్నదాని మేరకు సాగుతుంది. బూలియన్ బీజగణితంలోని డి మోర్గాన్ నియమాల్లో రెండు చరరాశుల మీదుగా సాగే ఒకే గీతకూ, విడివిడిగా ఉన్న రెండు గీతలకూ అర్థం వేరు గనుక అక్కడ ఈ జాగ్రత్త తప్పనిసరి. లాటెక్‌కు యూనికోడ్ రూపమైన జీలాటెక్‌తో తెలుగు స్వరాల మీద కూడా ఓవర్‌లైన్ వేయవచ్చు, స్వరాలను టెక్స్ట్ అనే ఆదేశంలో పెట్టి. కాని ఓవర్‌లైన్ లోపలి అక్షరం ఎత్తును బట్టే గీత పెడుతుంది కాబట్టి సగ మీద గీత కిందికి, రిని మీద గీత పైకి వస్తుంది. ప్రతి గుంపులోనూ వీఫాంటమ్ ఆదేశంతో రీని కనిపించకుండా చేర్చితే గీతలన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి.

ప్రూఫు చూడటం

గీతల ప్రూఫును మాటల ప్రూఫుతో కలిపి చూడకూడదు. మాటలు చదివే కన్ను గీతను దాటుకుంటూ పోతుంది. అచ్చుకు వెళ్లే పీడీఎఫ్‌నే కాగితం మీద అసలు సైజులో తీసి చూడాలి. తెరపై సన్నని గీతలు జూమ్‌ను బట్టి కనిపిస్తూ, మాయమవుతూ ఉంటాయి, కాబట్టి తెరను నమ్మి గీత ఉందనీ అనకూడదు, లేదనీ అనకూడదు. గణితం పేజీలో గీత ఉన్న ప్రతి సంఖ్యనూ భిన్నంగా మార్చి జవాబుతో సరిచూడాలి. సంగీతం పేజీలో పెన్సిలు పట్టుకుని, ఒక్కో ఆవర్తనంలో గీత లేని హ్రస్వ స్వరానికి ఒకటి, ఒంటి గీతకు అర, జంట గీతకు పావు చొప్పున కూడుతూ పోవాలి; కామాకు హ్రస్వంతో సమానంగా, దీర్ఘ స్వరానికీ సెమీకోలన్‌కూ దానికి రెట్టింపు వేసుకోవాలి. ఆదితాళంలో కూడిక ఎనిమిదికి రాని చోట గీత ఒకటి పోయిందనో, పక్క స్వరం మీదికి పాకిందనో గుర్తుపెట్టి, ఆ వరుసను కంపోజింగ్‌కు తిప్పి పంపాలి.